ఎర్ర లైటు మీద కండువా

పోయినవారం సాయిశ్రీని ఆటోనగర్‌లో, జోయెల్ షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే కూలరు, దానికో ఫ్యాను, డాష్‌బోర్డు కింద బిగించే రెండు మీటర్లు ఉన్నాయి. తను పనిచేసే స్పేర్ పార్టుల షాపు నుంచి వాటిని అందించి వెళ్ళిపోదామని వచ్చిన మనిషి, లోపల బోనెట్ ఎత్తి ఉన్న బండిని చూసి ఆగిపోయింది.

రంగు మార్చారు. మీగడ రంగు పోయి ముదురు ఎరుపు వచ్చింది. అయినా, టాపు కోసేసి వెనక సింహాసనంలాంటి సీటు బిగించిన ఆ పాత కారుని సాయిశ్రీ ఎలా మరిచిపోతుంది? పోయినేడు వైశాఖంలో చల్లపల్లి వీధుల్లో ఆమె కొత్త పెళ్ళికూతురిగా ఊరేగింది దాని మీదే. అత్తవారి గుమ్మం ఇంకాస్త దూరంలో ఉందనగా ఇంజన్‌లోంచి మంటలు లేచి, పూల అలంకారమంతా అంటుకుంది ఆ బండికే. మొగుడు బాబీ ఆమెను రెక్క పట్టుకుని కిందికి లాగేశాడు. అతని కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

మంట ఆర్పడానికి వీధి వీధంతా బిందెలతో పరిగెత్తింది. నింద వెయ్యడానికి మాత్రం ఒక్క మనిషి చాలాడు. "పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదు" అన్నాడు మామగారు వెంకటకృష్ణారావు, అరుగు మీద నిలబడి అందరూ వినేలా. ఆ తర్వాత ఆషాఢమని ఆమెను పుట్టింటికి పంపారు. కొత్తకోడళ్ళందరినీ పంపుతారు కదా అని సాయిశ్రీ నాలుగు చీరలు మాత్రం సర్దుకుని పటమట వచ్చింది. శ్రావణం వచ్చింది, వెళ్ళింది. పిలుపు రాలేదు. ఇప్పుడు మళ్ళీ ఆషాఢం. ఈ ఆదివారం చల్లపల్లిలో పెద్దమనుషుల ముందు కూర్చుని, తన జాతకమే ఆ ఇంటికి పడలేదని ఒప్పుకుని, విడిపోవడానికి ఆమె తలూపాలి. ఇరువైపుల పెద్దలూ కూర్చుని ఖాయం చేసిన సంగతి అది. నీకిష్టమేనా అని ఆమెను అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

షెడ్డులో బండి పక్కన నిలబడ్డ జక్కయ్య ఆమెను చూశాడు. చూసి, చూడనట్టు బండి అవతలికి జరిగాడు. తెల్లజుట్టు, ఖాకీ చొక్కా, మెడలో చిన్న సిలువ. ఆ బండికి మొదటినుంచీ డ్రైవరు ఆయనే. ఆ రోజు స్టీరింగు పట్టుకున్నదీ ఆయనే.

"అక్కడే నిలబడ్డారేంటండీ, లోపలికి రండి," అన్నాడు జోయెల్, బండి కిందనుంచి తల బయటపెట్టి. "ఫ్యాను తెచ్చారా? ఫ్యాను లేకపోతే ఆ కూలరు పట్టుకెళ్ళి గోడకి తగిలించుకోవాల్సిందే."

"తెచ్చాను," అంది సాయిశ్రీ. గొంతు మామూలుగానే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

జోయెల్‌కి ఆమె షాపులో బిల్లు కొట్టే అమ్మాయిగానే తెలుసు. పెళ్ళయిందనీ, పుట్టింట్లో ఉంటోందనీ విన్నాడు గానీ, ఎవరింటి కోడలో అడగలేదు. అడిగే తీరిక కూడా అతనికి లేదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఊరేగింపు బండ్లన్నీ ఆ నెలలోనే షెడ్లకి చేరతాయి. రంగులు వేసుకుని, రిపేర్లు చేయించుకుని శ్రావణానికి తయారవుతాయి. కొత్తకోడళ్ళు పుట్టిళ్ళకీ, పెళ్ళిబండ్లు ఆటోనగర్‌కీ ఒకే నెలలో వస్తాయన్నమాట. బండ్లని మాత్రం నెల తిరక్కుండా వచ్చి మర్యాదగా తీసుకుపోతారు.

జోయెల్ పెట్టె విప్పి కూలరు బయటికి తీశాడు. చూడ్డానికి బుల్లి రేడియేటరులా ఉంది. బండి ముందరి జాలీ అప్పటికే ఊడదీసి గోడకి ఆనించి ఉంది. కూలరుని రేడియేటరు ముందు పెట్టి, ఎత్తు చూసి, మళ్ళీ దించి, పట్టీలకి బెజ్జాలు వేశాడు. చేతులు పనిలో ఉంటే అతని నోరు ఖాళీగా ఉండలేదు.

"మామూలు బండికి ఎదురుగాలి తగులుద్ది, చల్లబడుద్ది. ఊరేగింపు బండికి గాలెక్కడిదండీ? ముందు బ్యాండు మేళం, కుర్రాళ్ళ డాన్సులు. ఫస్టు గేర్లో, క్లచ్చు మీద, మనిషి నడక కంటే నిదానంగా గంటలకి గంటలు పాకాలి. పైగా డెకరేషన్ వాళ్ళు ముందర జాలీ కనపడకుండా బంతిపూలు కుట్టేస్తారు. లోపల ఆయిలు మరిగి మరిగి నీళ్ళయిపోద్ది. నీళ్ళయ్యాక ఇంక ప్రెషరుండదు. ఇనుమూ ఇనుమూ రాసుకోవడమే. బాబాయ్, విన్నావా, ఈసారి జాలీ మీద పూలు కట్టనిచ్చావంటే నీకూ నాకూ పడదు."

జక్కయ్య "ఊఁ" అన్నాడు.

ఇంజన్‌కి ఆయిల్ ఫిల్టరు విప్పి, ఆ చోట మందపాటి ప్లేటు ఒకటి పెట్టి, దాని మీద ఫిల్టరు మళ్ళీ తిప్పి బిగించాడు జోయెల్. ప్లేటు నుంచి రెండు లావుపాటి పైపులు కూలరు దాకా లాగాడు. ఒకదాంట్లోంచి వేడి ఆయిలు వెళ్ళి, రెండోదాంట్లోంచి చల్లారి తిరిగొస్తుంది. పైపు ఎక్కడా ఇనుప అంచుకి రాసుకోకుండా పాత ట్యూబు ముక్కలు కోసి చుట్టాడు. సాయిశ్రీ తెచ్చిన పెట్టె ఇచ్చేసింది, ఇంక వెళ్ళొచ్చు. కానీ ఒక మాట అడగకుండా వెళ్ళబుద్ధి కాలేదు.

"ఇవన్నీ పెట్టించమంది దుర్గాప్రసాద్ గారా?" అంది. దుర్గాప్రసాద్ అంటే ఆ బండి ఓనరు, వెంకటకృష్ణారావుకి మేనల్లుడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు పెట్టి పెళ్ళిళ్ళకి బండ్లు అద్దెకిస్తాడు.

"ఆయనకంత ఓపికెక్కడిదండీ," నవ్వాడు జోయెల్. "చల్లపల్లిలో వాళ్ళ మామయ్యంట, వెంకటకృష్ణారావు గారని. ఆయనే ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయిల్ కూలరు పెట్టాలి, దానికి విడిగా ఫ్యాను పెట్టాలి, ఆయిల్ వేడికి ఒక మీటరు, ప్రెషరుకి ఒక మీటరు. అవి డ్రైవరుకే కాదు, పక్కసీట్లో కూర్చున్నవాళ్ళకి కూడా కనపడాలంట. ఆయన చెప్పే తీరు చూసి ఏ మెకానిక్కో అనుకున్నా. తీరా చూస్తే పెద్ద రైతంట. శ్రావణంలో ఆయన కూతురి ఊరేగింపంటండీ, ఈ బండి మీద."

కూతురంటే భానుశ్రీ. బాబీ చెల్లెలు. ఆ ఇంట్లో ఇప్పటికీ సాయిశ్రీని "వదినా" అని పిలిచే ఒకే ఒక్క మనిషి. ఉగాదికి ఇంట్లో వాళ్ళకి తెలియకుండా ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక ఏడ్చేసింది.

"ఈ బండి మీదేనా? కాలిపోయిన బండి మీద?"

"మీకూ తెలుసా ఆ సంగతి? అవునంటండీ. బండికి శాంతి చేయించారంట. బండిది ఏ దోషమూ లేదని సిద్ధాంతి తేల్చేశాడంట. ఇంట్లో కోడలు ఎవరో ఉందంటలేండి, ఆ పిల్లది దోషమంతా. ఆ గొడవ కూడా ఈ ఆదివారంతో..."

"జోయెలూ, పని చూడరా," అన్నాడు జక్కయ్య గట్టిగా.

జోయెల్ తలెత్తాడు. ముసలాయన ముఖం చూశాడు, సాయిశ్రీ ముఖం చూశాడు. అతని చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

సాయిశ్రీ పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె ఒక విషయంలో మాత్రం మామగారిని మన్నించింది. మూర్ఖుడే కావచ్చు, కానీ నమ్మేదేదో నిజంగానే నమ్ముతున్నాడు అనుకుంది. నమ్మకం ఉన్నవాడితో వాదించి ఏం లాభమని నోరు మూసుకుంది. పక్కింటి వాళ్ళు శుభకార్యాలకి పిలవడం మానేసినా, సొంత పిన్ని తన కూతురి సీమంతానికి "నువ్వు కాస్త ఆలస్యంగా రామ్మా" అన్నా మింగేసింది. ఒక్కోసారి అర్ధరాత్రి మెలకువొచ్చి, ఏమో, నాలోనే ఏదైనా ఉందేమో అని కూడా అనుకుంది.

"జక్కయ్య గారూ," అంది. "దోషం నాదైతే బండికి కూలరెందుకు?"

జక్కయ్య వంగి బండి తలుపు తుడవసాగాడు.

"నన్ను వదిలించుకుంటున్నారు కదా ఆదివారం. ఇంక అరిష్టం పోయినట్టే కదా. మళ్ళీ ఫ్యాన్లు, మీటర్లు ఏంటి? పక్కసీటు వాళ్ళకి కనపడాలనడమేంటి? ఆ రోజు పక్కసీట్లో ఎవరు కూర్చున్నారు?"

ఎవరు కూర్చున్నారో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. ఊరేగింపులో మగపెళ్ళివారి పెద్ద నడవాలి. వెంకటకృష్ణారావుకి మోకాళ్ళ నొప్పులు. అందుకని డ్రైవరు పక్కన కూర్చుని, ఎదురొచ్చిన వాళ్ళకి దణ్ణాలు పెడుతూ వచ్చాడు.

"నాకేం తెలుసుద్దమ్మా పెద్దోళ్ళ సంగతులు," అన్నాడు జక్కయ్య. "నేను బండి తోలేవాణ్ణి."

"తోలేవాళ్ళు కాబట్టే అడుగుతున్నాను."

"మా ఆవిడ అమలమ్మ వాళ్ళింట్లోనే పనిచేస్తదమ్మా. మేముండే ఇల్లు కూడా వాళ్ళ దొడ్లోదే. నన్నేమీ అడగమాకండి."

"అడక్కుండా ఏడాది ఉన్నాను. చాలదా?" అంది సాయిశ్రీ. ఆమె గొంతు పెద్దదైంది. ఎదురు షెడ్డులో డెంటింగు చేస్తున్న వాళ్ళు సుత్తి ఆపి ఇటు చూశారు.

జోయెల్ లేచి షట్టరు సగం దించి వచ్చాడు. "చెప్పు బాబాయ్," అన్నాడు. "నేను రిపేరు చేస్తున్న బండి ఇది. ఎందుకు తగలబడిందో నాక్కూడా తెలియాలిగా."

జక్కయ్య బండి ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాడు.

"లైటెలిగిందమ్మా," అన్నాడు చివరికి. "ఆయిల్ లైటు. ఎర్రగా. సెంటరు దాటగానే మొదట మిణుకూ మిణుకూమంది. అప్పటికే ఇంజను పొగవాసన కొడతంది. నేను చెప్పా. అయ్యగారూ, ఆయిలు మరిగిపోయినట్టుందండి, కాసేపు ఆపి చల్లారనిద్దాం అన్నా. ఆపితే ఇంజను ఆర్పాలా అనడిగారు. ఆర్పాలండి అన్నా. 'కొత్తకోడలు గడప తొక్కేదాకా బండి ఆరకూడదురా. ఆరితే అపశకునం. ఊరంతా చూస్తంది. పోనీ' అన్నారు."

"తర్వాత?"

"తర్వాత ఇంక లైటు ఆరలేదమ్మా. నిలబడిపోయింది. మళ్ళీ చెప్పా, కాళ్ళు పట్టుకున్నంత పని చేశా. ఆయన వెనక్కి తిరిగి మీ ఇద్దరి వంకా చూశారు. చూసి, మెళ్ళో కండువా తీసి..."

"డాష్‌బోర్డు మీద పరిచారు," అంది సాయిశ్రీ.

ఆమె చూసింది. అదే ఆమెను ఇప్పుడు నిలువునా తగలబెట్టింది. వెనక సీటు మీద, మెడలో బరువైన దండతో కూర్చుని, మామగారు జరీ కండువా తీసి ముందర పరవడం కళ్ళారా చూసింది. పాపం ఉక్కపోస్తున్నట్టుంది పెద్దాయనకి అనుకుంది. బాబీ చెవి దగ్గరికి వంగి, "మామయ్యగారికి మంచినీళ్ళిప్పించండి" అని కూడా అంది. తను ఆ మాట అంటున్నప్పుడు ఆ బట్ట కింద ఎర్ర లైటు వెలుగుతోంది. తను ఏడాదిపాటు నెత్తిన మోసిన నింద అక్కడ పుట్టింది, ఆ కండువా కింద.

అపశకునమవుతుందని ఇంజను ఆపనివ్వని మనిషి, ఆపకపోవడం వల్ల బండి అంటుకున్నాక, ఆ అపశకునాన్ని కోడలి పేరున రాసేశాడు. నమ్మకమూ లేదు, పాడూ లేదు. తప్పు తనదని ఆయనకి మంట లేచిన క్షణంలోనే తెలుసు. తెలుసు కాబట్టే ఇప్పుడు కూతురి కోసం ఏమేం బిగించాలో ఒక్కటీ మరిచిపోకుండా ఫోన్లో చెప్పగలిగాడు. కూతురి దాకా వచ్చేసరికి జాతకాలు చాలలేదు, కూలరు కావలసి వచ్చింది.

"మా నాన్న చల్లపల్లి వచ్చి వాళ్ళ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు," అంది సాయిశ్రీ. "పిల్లని తీసుకెళ్ళండి బావగారూ అని బతిమాలారు. అప్పుడు మీరు అక్కడ లేరా?"

"ఉన్నానమ్మా. ఆయనకి కుర్చీ వేసింది నేనే."

"కుర్చీ వేశారు గానీ నోరు విప్పలేదు."

జక్కయ్య తల వంచుకున్నాడు.

"ఆదివారం పెద్దమనుషుల ముందు చెప్పండి. ఇప్పుడు నాకు చెప్పిందే. ఇంకేం వద్దు."

"చెప్పలేనమ్మా. చెప్పి ఆ ఊళ్ళో ఉండలేను. ఈ వయసులో అమలమ్మని తీసుకుని ఏ ఊరు పోయేది?"

జోయెల్‌కి ఒళ్ళు మండింది. "ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటావు కదా బాబాయ్. ఏం వింటావు అక్కడ?"

"నువ్వసలు గుళ్ళోకే రావు. నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు జక్కయ్య. కానీ మాటలో పస లేదు. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుని, అది మడిచి మళ్ళీ జేబులో పెట్టుకోవడం మరిచిపోయి చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. సాయిశ్రీకి జాలి కలగలేదు. కలిగితే బాగుండేదని కూడా అనిపించలేదు.

తర్వాత జోయెల్ మళ్ళీ పనిలోకి దిగాడు. కోపమొచ్చినప్పుడు అతని పని ఇంకా శుభ్రంగా ఉంటుంది. రెండు మీటర్లనీ ఒక రేకుకి బిగించి, ఆ రేకుని డాష్‌బోర్డు కింద నడిమధ్యలో, ఇద్దరికీ కనపడేలా తగిలించాడు. వైర్లు లాగాడు. కొత్త ఆయిలు పోశాడు. పోసి వెంటనే స్టార్టు చెయ్యలేదు. ఇంజను స్టార్టవకుండా ప్లగ్గు వైర్లు పీకేసి, జక్కయ్య చేత ఊరికే సెల్ఫు కొట్టించాడు.

"పైపులూ కూలరూ ఇంకా ఖాళీగా ఉన్నాయి," అన్నాడు సాయిశ్రీతో, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు. "ముందు వాటిలోకి ఆయిలు ఎక్కాలి. ఎక్కకుండా స్టార్టు చేస్తే కాలినదాని బదులు వేసిన కొత్త ఇంజను కూడా ఇక్కడే ముగుస్తది."

సెల్ఫు గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. కాసేపటికి ప్రెషరు మీటరులో ముల్లు కదిలి పైకి లేచింది. అప్పుడు వైర్లు పెట్టి ఇంజను స్టార్టు చేయించాడు. పైపుల అతుకుల దగ్గర వేలు పెట్టి తడుముతూ, ఎక్కడా చెమ్మ లేదని చూసుకున్నాడు. ఆయిల్ వేడి చెప్పే ముల్లు మెల్లగా పాకుతూ సగం దాటింది. ఫ్యాను గిర్రున తిరగడం మొదలెట్టింది. ముల్లు ఇంకాస్త వెళ్ళి, అక్కడే నిలబడింది.

"అయిపోయిందండీ," అన్నాడు జోయెల్. "ఈ మీటర్లు పెట్టాక ఇంకెవరూ మాకు తెలియదనడానికి లేదు."

"అప్పుడు మాత్రం తెలియక కాదులేరా," అన్నాడు జక్కయ్య స్టీరింగు ముందు కూర్చునే. "లైటు చెప్పింది. నేనూ చెప్పా."

జోయెల్ చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపేశాడు. తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

సాయిశ్రీ ఫోను తీసింది. ఆమె ముఖంలో చాలా రోజులకి ఒక వెలుగు కనిపించింది. ఎవరు చెప్పకపోతేనేం, బాబీ ఉన్నాడు. అతనికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఊరుకునేవాడు కాదు. మంటలో చెయ్యి పెట్టి తనను లాగిన మనిషి అతను. ఈ ఏడాదిలో అడపాదడపా ఇంట్లో తెలియకుండా ఫోన్ చేసి, "నాన్న మనసు మారాలి సాయీ, కాస్త ఓపిక పట్టు" అనేవాడు. తండ్రికి ఎదురుచెప్పలేని మెత్తని మనిషి అనుకుంది గానీ, చెడ్డవాడనుకోలేదు. చేతికి ఒక ఆధారం దొరికితే నిలబడతాడు. ఇదిగో, ఇన్నాళ్ళకి దొరికింది.

"అమ్మా, చినబాబుగారికి చెయ్యమాకండి," అన్నాడు జక్కయ్య గాభరాగా బండి దిగుతూ. "మీకు దణ్ణం పెడతా."

"మీ పేరు చెప్పను లెండి. భయపడకండి."

"భయం గురించి కాదమ్మా..."

ఆమె వినలేదు. అవతల బాబీ ఫోనెత్తాడు. వెనక చీరలు పరిచి చూపించే షాపు సందడి వినిపించింది.

"సాయీ? ఉండు, ఇక్కడ అమ్మా భానూ ఉన్నారు. బెంజ్ సర్కిల్‌కి చీరలకొచ్చాం. బయటికొచ్చి మాట్లాడతా."

సందడి పోయి హారన్ల మోత వచ్చింది.

"చెప్పు."

"ఏవండీ," అంది. ఏడాది విడిగా ఉన్నా నోటికి ఆ పిలుపే వచ్చింది. "ఊరేగింపు రోజు బండిలో ఎర్ర లైటు వెలిగిందట. ఇంజను ఆపాలని మామయ్యగారికి చెప్పారట. ఆయనే ఆపనివ్వలేదట. మనకి కనపడకుండా దాని మీద కండువా కప్పారట. విన్నారా? నా జాతకమూ కాదు, నా అడుగూ కాదు. ఆదివారం ఈ మాట మీరు అడగాలి. నేను మీ పక్కన నిలబడతాను."

అవతల హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఏంటి నువ్వనేది అంటాడేమో, నిజమా అంటాడేమో, కనీసం కేకలేస్తాడేమో అని ఆమె ఎదురు చూసింది.

"నీతోపాటు ఇంకెవరైనా విన్నారా?" అన్నాడు బాబీ.

సాయిశ్రీకి అర్థం కాలేదు. అర్థం కానట్టే ఉండాలనిపించింది.

"జక్కయ్య అక్కడే ఉన్నాడా? ఆస్పత్రిలో నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు సాయీ, ఎవరికీ చెప్పనని. ఇప్పుడిలా చేశాడేంటి?"

ఆమె జక్కయ్య వంక చూసింది. ముసలాయన నేల చూపులు చూస్తున్నాడు.

"మీకు తెలుసా?" అంది. "ఆస్పత్రిలో ఉన్నప్పటినుంచీ తెలుసా?"

"నాన్న ఏడ్చారు సాయీ. నా మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. నువ్వు చూడలేదు. ఆ వయసులో ఊళ్ళో ఆయన తలెత్తుకోవాలా వద్దా?"

"నేనెత్తుకోనక్కర్లేదా?"

"నువ్వు తట్టుకుంటావనుకున్నా. నీకు చదువుంది, ఉద్యోగం దొరికింది. ఆయనకి ఆ పరువు తప్ప ఏముంది? నా మాట విను. ఆదివారం ఏం మాట్లాడకుండా తలూపెయ్. భాను పెళ్ళయిపోనీ. అన్నీ సర్దుకున్నాక నేనే వచ్చి నిన్ను తీసుకెళ్తా."

మంటలోంచి లాగినప్పుడు ఆమె రెక్క మీద అతని వేళ్ళ గుర్తులు చాలా రోజులు ఉన్నాయి. అవి పోతున్నాయని అప్పట్లో బెంగపెట్టుకుంది కూడా. తనను కాపాడిన చేతికి కట్టు విప్పక ముందే అతను తనను అమ్మేశాడని, ఆ తర్వాత చేసిన ఒక్కో ఫోన్లోనూ తెలిసి తెలిసే ఓపిక పట్టమన్నాడని ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు.

"సాయీ, వింటున్నావా? ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. భానుకి అసలే భయం. ఆ లైటు సంగతి గానీ దానికి తెలిసిందంటే..."

"ఏ లైటన్నయ్యా?"

ఆ గొంతు బాబీ వెనకనుంచి వచ్చింది. ఎంత దగ్గరగా వచ్చిందంటే సాయిశ్రీకి స్పష్టంగా వినిపించింది.

"ఏం లేదు, నువ్వు లోపలికెళ్ళు. అమ్మ పిలుస్తోంది."

"ఎవరితో మాట్లాడుతున్నావు? ఏ లైటు నాకు తెలియకూడదు?"

"భానూ!" అని అరిచింది సాయిశ్రీ, షెడ్డు దద్దరిల్లేలా. "నేను! ఫోను నువ్వు తీసుకో!"

ఫోను ఎవరి చేతిలోంచో ఎవరి చేతిలోకో మారుతున్న చప్పుడు. బాబీ ఏదో అంటున్నాడు, దూరంగా అత్తగారు ఛాయాదేవి "ఏంట్రా అది, రోడ్డు మీద" అంటోంది. వాటన్నిటి మీదుగా భానుశ్రీ గొంతు రొప్పుతూ వచ్చింది.

"వదినా? నువ్వేనా? అన్నయ్య ఎందుకలా ఉన్నాడు? ఏం జరిగింది?"

సాయిశ్రీ ఎర్ర బండి వంక చూసింది.

"శ్రావణంలో నువ్వెక్కబోయే బండి నా ఎదురుగా ఉంది భానూ," అంది. "ఆటోనగర్, జోయెల్ షెడ్డు. ఆటో ఎక్కి వచ్చెయ్. పెళ్ళిచీర తర్వాత కొనుక్కోవచ్చు. అత్తయ్యగారిని కూడా తీసుకురా, ఆవిడా వినాలి."

"వస్తున్నా వదినా," అంది భానుశ్రీ.

జక్కయ్య గబగబా బండి దగ్గరికి నడిచాడు. స్టీరింగు దగ్గర తడిమాడు, సీటు మీద వెతికాడు, వంగి కింద చూశాడు. తాళం చెవి కనపడలేదు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాడు జోయెల్, చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని. "కూర్చో. ఆ పిల్ల వస్తోంది."